ఆమోదం పొందిన స్వచ్ఛంద కృషిని ప్రాజెక్టుగా గుర్తించాలి

సంపాదకుల వారికి నమస్కారాలు.

భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైన నాటినుంచి విమానయాన రంగంలో ఉత్తరాంధ్ర యువతకు రాబోయే అవకాశాల గురించి పత్రికలలో తరచుగా వ్యాసాలు వస్తున్నాయి. పైలట్ శిక్షణకు ఎన్ని లక్షలవుతుంది, గ్రౌండ్ స్టాఫ్ కోర్సులు ఎక్కడున్నాయి అన్న సమాచారం వాటిలో కావలసినంత దొరుకుతుంది. అయితే ఒక ఇంజనీరింగ్ విద్యార్థి తన గదిలో కూర్చుని, ఎవరికీ ఫీజు కట్టకుండా, విమానం ఎలా ఎగురుతుందో, ఎప్పుడు ఎగరనంటుందో స్వయంగా లెక్కగట్టి చూసుకోగల చోటు ఒకటి దాదాపు మూడు దశాబ్దాలుగా తలుపులు తెరుచుకుని ఉందన్న సంగతి మాత్రం నాకు ఎక్కడా కనిపించలేదు. అది ఫ్లైట్‌గేర్ అనే ఓపెన్ సోర్స్ ఫ్లైట్ సిమ్యులేటర్, అంటే విమానం నడపడాన్ని కంప్యూటర్‌లో అనుకరించే, లోపలి కోడ్ అందరికీ తెరిచి ఉన్న ప్రోగ్రాము. దానిని తయారుచేస్తున్నవారు వేర్వేరు దేశాలలో ఉంటూ, తీరిక వేళల్లో జీతం లేకుండా పనిచేసే ఔత్సాహికులు. అటువంటి నిర్మాణంలో మన విద్యార్థి చేసిన పని అక్కడి నిర్వాహకుల పరిశీలనలో నెగ్గి ఆమోదం పొందితే, దానిని బీటెక్, డిప్లొమా చివరి సంవత్సరం ప్రాజెక్టుగా మన విశ్వవిద్యాలయాలూ సాంకేతిక విద్యా మండలీ గుర్తించాలని కోరడానికే ఈ లేఖ రాస్తున్నాను.

నేను ముప్పై ఏళ్లు పాలిటెక్నిక్‌లో మెకానికల్ విద్యార్థులకు పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. ప్రోగ్రాములు రాయడం నాకు చేతకాదు. అయినా ఆ సిమ్యులేటర్‌లో నా చేతి పని చిన్నది ఒకటి ఉంది. అది ఎలా చేరిందో తరువాత మనవి చేస్తాను.

ఆ రోజుల్లో బజారులో దొరికే సిమ్యులేటర్లను కొన్నవారికి వాటిని ఇష్టం వచ్చినట్లు మార్చుకునే వీలు లేదన్న అసంతృప్తితో 1996లో ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన ప్రతిపాదన దీనికి మొదలు. 1997లో కర్టిస్ ఓల్సన్ చొరవతో అది నడిచే ప్రోగ్రాముగా రూపుదిద్దుకుంది. తొలినాళ్లలో విమాన గమనాన్ని లెక్కించడానికి నాసా వారి లాంగ్లీ కేంద్రంలో పుట్టిన లార్క్‌సిమ్ అనే ప్రోగ్రామును ఆసరా చేసుకున్నారు. 1.0 అన్న అంకె వేసుకోవడానికి 2007 డిసెంబరు వరకు ఆగారు. ఏటా కొత్త అంకెతో కొత్త పెట్టె అమ్మే వ్యాపార ప్రపంచంలో పదేళ్లపాటు తమ పని ఇంకా ఒకటికి చేరలేదని చెప్పుకున్నవారి మీద నాకు మొదట గౌరవం కలిగింది అక్కడే. ఇంతలో 2009 జనవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ తన ప్రసిద్ధ ఫ్లైట్ సిమ్యులేటర్‌ను తయారుచేసే ఏసెస్ స్టూడియోను మూసివేసింది. 2012లో చేసిన మరో ప్రయత్నాన్ని ఆ ఏడాదే ఆపేసింది. పాత పేరుతో కొత్త సిమ్యులేటర్ 2020 ఆగస్టులో గాని రాలేదు. దృశ్యాల అందంలో ఆ కొత్తదానికి ఫ్లైట్‌గేర్ సాటి రాదు, ఆ మాట దాచనక్కరలేదు. కాని ఒక కంపెనీ లెక్కల పుస్తకంలో గీత గీసినంత మాత్రాన ఆగిపోయే పని కాదు ఇది. ఒకరు మానుకుంటే మరొకరు అందుకోవడానికి సోర్స్ కోడ్ అంతా బహిరంగంగా ఉంది.

దీని లైసెన్సు పేరు జీపీఎల్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల చూడవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు, అమ్మవచ్చు కూడా. మార్చి పంచినవారు మాత్రం ఆ మార్పుల సోర్స్ కోడ్‌ను అవే షరతులతో ఇవ్వాలి. ఈ వెసులుబాటును అడ్డం పెట్టుకుని ఇదే ప్రోగ్రాముకు వేరే పేరు తగిలించి అమ్మేవారు ఉన్నారు. మా వీధిలో ఒక కుర్రవాడు మూడు వేల రూపాయలు కట్టి అటువంటిది తెప్పించుకుని, ఉచితంగా దొరికేదే కొన్నానని తెలిశాక వాళ్ల నాన్నకు చెప్పలేక నా దగ్గరకు వచ్చాడు. అమ్మడం తప్పు కాదుగాని, ఎవరి పనో చెప్పకుండా అమ్మడం ఏ పద్ధతో నాకు తెలియదు.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. సిమ్యులేటర్ తయారీ అంటే కంప్యూటర్ సైన్స్ వాళ్ల వ్యవహారమని మన కళాశాలల్లో అందరూ అనుకుంటారు. ప్రధాన ప్రోగ్రాము సీ ప్లస్ ప్లస్ భాషలో ఉన్న మాట నిజమే. కాని అందులోని విమానాలు వేరు. ఒక్కొక్క విమానం ఎక్స్‌ఎంఎల్ అనే, సమాచారాన్ని పేర్లతో సహా రాసిపెట్టే పద్ధతిలో ఉన్న ఫైళ్ల కట్ట. జేఎస్‌బీసిమ్ అనే గణన యంత్రాంగాన్ని వాడే విమానానికి రెక్క వైశాల్యం, బరువు, గరిమనాభి స్థానం, యాంగిల్ ఆఫ్ ఎటాక్ (ఎదురుగాలికి రెక్క చేసే కోణం) ఎంత ఉంటే లిఫ్ట్ (పైకి లేపే బలం) ఎంత, ఫ్లాప్‌లు (రెక్క వెనుక అంచున కిందికి వంచే పలకలు) ఎంత దించితే డ్రాగ్ (వెనక్కి లాగే బలం) ఎంత అన్న పట్టికలన్నీ మామూలు అక్షరాలలో, నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకునేలా ఉంటాయి. ఆ పట్టికలను చూసుకుంటూ సిమ్యులేటర్ సెకనుకు 120 సార్లు విమానం మీది బలాలను కూడి, అది ఎటు తిరగాలో, ఎంత పైకి లేవాలో తేలుస్తుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ పరీక్షలో పది మార్కుల ప్రశ్నగా వచ్చి, రాసి మరచిపోయే గుణకాలు ఇక్కడ విమానాన్ని నిలబెడతాయి, తప్పుగా వేస్తే పడగొడతాయి. కాక్‌పిట్‌లోని మీటర్ల ముళ్లు కదిలించడానికి నాజల్ అనే చిన్న స్క్రిప్టు భాష ఉంది. అది కూడా ఒక వేసవి సెలవుల్లో పట్టుబడేదే.

మా అక్కగారి మనవడు మెకానికల్ మూడవ సంవత్సరంలో ఉండగా ఒక సాయంత్రం నా దగ్గర కూర్చుని ఒక చిన్న శిక్షణ విమానాన్ని రన్‌వే మీద దించడానికి పది పదిహేను సార్లు ప్రయత్నించాడు. ప్రతిసారీ అది నేల దగ్గరకు వచ్చి దిగకుండా తేలుతూ పోతోంది. తప్పు తనదేనని వాడు అనుకున్నాడు. విమానం ఫైలు తెరిచి చూస్తే, ఫ్లాప్‌లు పూర్తిగా దించినప్పుడు లిఫ్ట్ పెరుగుతోంది గాని డ్రాగ్ పట్టికలో చివరి గడి ఖాళీగా వదిలేసి ఉంది. ఆ విమానం మాన్యువల్‌లో ఇచ్చిన దిగే దూరాన్ని పట్టుకుని, వెనక్కి లెక్కవేసి, డ్రాగ్ ఎంత ఉండాలో అంచనా కట్టడానికి మా ఇద్దరికీ మూడు ఆదివారాలు పట్టింది. సరిచేసిన పట్టికను, లెక్క వేసిన తీరును పంపితే, ఫ్లైట్‌గేర్‌లో ఆ విమానం బాధ్యత చూసే వ్యక్తి ఏ దేశం వాడో తెలియదు, రెండు ప్రశ్నలు అడిగాడు. ఆ అంకె ఏ బరువుకు వర్తిస్తుంది, నేల దగ్గర రెక్క కింద గాలి అదిమే ప్రభావాన్ని విడిగా తీశారా అన్నవి ఆ ప్రశ్నలు. రెండవదానికి మా దగ్గర జవాబు లేదు. మళ్లీ లెక్క వేసి పంపాం. అయిదు వారాల తరువాత అంగీకరించారు. నా సర్వీసు మొత్తంలో ఏ వైవా పరీక్షలోనూ అంత సూటి ప్రశ్న ఎవరూ అడగగా నేను వినలేదు. నేను కూడా అడగలేదని ఒప్పుకోవాలి.

ఆ పనినే చివరి సంవత్సరం ప్రాజెక్టుగా తీసుకోమని వాడు తన కళాశాలలో అడిగితే, అది ప్రాజెక్టు జాబితాలో లేదన్నారు. చివరకు వాడు, వాడి తరగతిలో సగం మంది చేసినట్లే, ప్రాజెక్టులు తయారుచేసి ఇచ్చే దుకాణంలో ఆరు వేలు కట్టి, బైండింగుతో సహా తెచ్చి సమర్పించాడు. మంచి మార్కులే వచ్చాయి. ఆ కళాశాల పేరు నేను రాయను. ఈ వ్యాపారం ఎంత బహిరంగంగా నడుస్తోందో చదువుకునే పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలిసినదే.

విశాఖ విషయానికి వస్తాను. ఫ్లైట్‌గేర్‌లో భూమిని అక్షాంశ రేఖాంశాల ప్రకారం ఒక్కొక్క డిగ్రీ చొప్పున గళ్లుగా కోసి పెట్టారు. మన నగరం తూర్పు 83, ఉత్తరం 17 అన్న గడిలో ఉంటుంది. అందులో ఎక్కువ భాగం సముద్రమే. ఇటువంటి సిమ్యులేటర్లకు నేల ఎత్తుపల్లాల సమాచారం చాలావరకు 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అంతరిక్ష నౌక పదకొండు రోజులపాటు భూమి చుట్టూ తిరిగి రాడార్‌తో కొలిచిన లెక్కలనుంచి వచ్చింది. చాలా ఏళ్లపాటు ప్రపంచానికి అందుబాటులో ఉన్నది సుమారు 90 మీటర్లకు ఒక బిందువు చొప్పున ఉన్న కొలత. మైదానానికి అది చాలు. విశాఖ వంటి ఊరికి చాలదు. సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచే డాల్ఫిన్స్ నోస్ కొండ, రెండు బిందువుల మధ్య గీత గీసేసరికి, పిల్లలు జారే బల్లలాగా వాలిపోతుంది. కైలాసగిరి అంచు గుండ్రబడుతుంది. యారాడ కొండ వెనుక సముద్రం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. మెరుగైన కొలతలు తరువాతి సంవత్సరాలలో బయటికి వచ్చినా, వాటిని తీసుకుని, సరిచూసి, రోడ్లూ తీరరేఖా దిద్ది మళ్లీ అల్లవలసిన వారు మనుషులే. ఏ కొండ ఎటు విరిగి ఉంటుందో ఇక్కడ పుట్టి పెరిగినవాడు కంటితో చూసి చెప్పగలిగినట్లు యూరప్‌లో కూర్చున్న ఔత్సాహికుడు చెప్పలేడు.

నేను చేసిన చిన్న పని ఈ గడిలోనిదే. బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామికి ఎదురుగా 2017 డిసెంబరునుంచి ప్రదర్శనలో ఉన్న టీయూ-142 విమానం మీ పాఠకులు చూసినదే. నౌకాదళంలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి విశ్రమించిన ఆ భారీ విమానం, దాదాపు 50 మీటర్ల రెక్కలతో, ఒక్కొక్క ఇంజనుకు ఎదురెదురు దిశల్లో తిరిగే రెండేసి ప్రొపెల్లర్లతో, రోడ్డు పక్కన నిలబడి ఉన్నా ఎక్కడికో బయలుదేరుతున్నట్లే ఉంటుంది. సిమ్యులేటర్‌లో బీచ్ రోడ్డు మీదుగా ఎగిరినప్పుడు అది కనిపించాలని నాకు కోరిక కలిగింది. లాక్‌డౌన్ రోజుల్లో బ్లెండర్ అనే ఉచిత ప్రోగ్రాము నేర్చుకుని, డ్రాయింగ్ బోర్డు మీది పాత అలవాటుతో దాని త్రీడీ నమూనా గీసి ఫ్లైట్‌గేర్ నిర్వాహకులకు పంపాను.

మొదటిసారి తిప్పి పంపారు. ఒంటి మీద అతికించిన ఫొటోలు ఎవరు తీశారు, ఏ లైసెన్సు కింద ఇచ్చారు అని అడిగారు. నేను ఇంటర్నెట్‌లో దొరికినవి వాడాను. మన దగ్గర అందరూ చేసేదే కదా అనుకున్నాను. ఎవరి సొత్తో తెలియని బొమ్మను అందరి సొత్తులో కలపడం కుదరదని వాళ్లు మర్యాదగానే చెప్పారు. ఒక ఉదయం రోడ్డు మీద నిలబడి నేనే ఫొటోలు తీసుకున్నాను. రెండవసారీ తిప్పి పంపారు. ప్రతి రివెట్టూ కనబడాలన్న ఉబలాటంతో నేను నమూనా ఒంటిని కూర్చే త్రిభుజాలు దాదాపు అరవై వేలు వాడాను. ఆగి ఉన్న ఒక్క విమానం కోసం పైన ఎగిరేవారందరి కంప్యూటర్లూ ఈడ్చుకుపోతాయని, రెండు మూడు వేలలో ముగించమని రాశారు. వస్తువును ఎంత గీయాలో కాక ఎంత వదిలేయాలో నేర్చుకోవడానికి నాకు నెల పట్టింది. మూడవసారి నమూనా బాగుందన్నారు గాని, నేను ఇచ్చిన ఎత్తుకు సిమ్యులేటర్‌లోని నేల ఎత్తు సరిపోక చక్రాలు మోకాలి లోతున భూమిలో దిగబడిపోయాయి. పైన చెప్పిన 90 మీటర్ల కొలత మహిమ అది. మూడుసార్లు ఫెయిలై నాలుగోసారి గట్టెక్కిన విద్యార్థి ముఖం ఎలా ఉంటుందో అరవై మూడేళ్ల వయసులో నాకు తెలిసింది.

ఈ సందర్భంలో విశాఖ విద్యార్థులకు ఒక హెచ్చరిక అవసరం. ఇన్నాళ్లూ మన పౌర విమానాలు ఎక్కిదిగిన స్థలం నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగలోని ఒక భాగం. పేరు విన్న తెలుగువాడికి దాని అర్థం చెప్పనక్కరలేదు. అక్కడా, రేవు వైపూ, కొండ మీది నిషిద్ధ ప్రాంతాల్లోనూ ఫొటోలు తీయకూడదు, కొలతలు తీసుకోకూడదు. అది అడిగి తప్పించుకునే నియమం కాదు. ఉత్సాహం కొద్దీ హ్యాంగర్ల నమూనాలు చేయాలని చూడవద్దు. బీచ్ రోడ్డు, కైలాసగిరి, సింహాచలం కొండ, విశ్వవిద్యాలయ ప్రాంగణం, ఇలా బహిరంగంగా చూడగలిగేవే ఒక తరం విద్యార్థులకు సరిపోయేటన్ని ఉన్నాయి.

దృశ్యాల మీద ఆసక్తి లేనివారికి లెక్కలున్నాయి. విశాఖ రన్‌వే అంకెలు 10, 28. ఆ అంకెకు సున్నా చేరిస్తే రన్‌వే చూసే దిశ డిగ్రీలలో వస్తుంది, అంటే అది ఇంచుమించు తూర్పు పడమరలుగా ఉంటుంది. నైరుతి రుతుపవనాల కాలంలో 225 డిగ్రీల దిశనుంచి 20 నాట్ల (గంటకు సుమారు 37 కిలోమీటర్ల) గాలి వీస్తోందనుకుందాం. 28వ రన్‌వేకు ఆ గాలి 55 డిగ్రీల కోణంలో తగులుతుంది. అందులో అడ్డంగా తోసే భాగం 16 నాట్లు దాటుతుంది. 160 హార్స్‌పవర్ ఇంజనుతో, గరిష్ఠంగా 2,400 పౌండ్ల బరువుతో ఎగిరే చిన్న విమానం సెస్నా 172పీ మాన్యువల్‌లో పరీక్షించి చూపినట్లు రాసిన అడ్డగాలి 15 నాట్లు. ఫ్లైట్‌గేర్‌లో ఆ విమానం ఉంది, గాలిని మనం కోరిన దిశలో పెట్టుకునే వీలుంది, మెటార్ అనే, విమానాశ్రయాలు ఇచ్చే వాతావరణ నివేదికలను నేరుగా తెచ్చుకునే ఏర్పాటు కూడా ఉంది. ఆ గాలిలో చుక్కాని పూర్తిగా తొక్కినా ముక్కు నిలబడుతుందా లేదా, నిలబడకపోతే లోపం విమానానిదా, పట్టికదా అన్నది ఒక సెమిస్టరుకు సరిపోయే ప్రశ్న. హుద్‌హుద్ తుపాను 2014 అక్టోబరు 12న మన విమానాశ్రయాన్ని ఏం చేసిందో చూసినవారికి గాలి పాఠ్యపుస్తకంలోని బాణం గుర్తు కాదని వేరే చెప్పాలా? మన దేశపు విమానాలే కావాలంటే బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ ల్యాబొరేటరీస్ రూపొందించగా 1993లో తొలిసారి ఎగిరిన రెండు సీట్ల హన్సను తీసుకుని, బహిరంగంగా దొరికే కొలతలతో దాని పట్టికలు తయారుచేయవచ్చు.

ఇది ఆటబొమ్మ కదా, దీనికి మార్కులేమిటి అని అడిగే గైడ్లు ఉంటారు. వారి కళాశాల లైసెన్సు కొని వాడుతున్న మ్యాట్‌ల్యాబ్ అనే గణన ప్రోగ్రాములోని ఏరోస్పేస్ బ్లాక్‌సెట్ తన లెక్కల ఫలితాలను దృశ్యంగా చూపడానికి ఫ్లైట్‌గేర్‌తో కలిసే ఏర్పాటు ఉందని, డ్రోన్లను నడిపే ఆర్డూపైలట్ అనే ప్రోగ్రామును పరీక్షించేవారు కూడా దీనిని తెరగా వాడుకుంటారని వారికి మనవి. అయితే ఇంట్లో దీని మీద గడిపిన గంటలు పైలట్ లైసెన్సుకు కావలసిన గంటల్లో కలవవు. ఆ ఆశ చూపించి ఎవరైనా డబ్బు అడిగితే నమ్మవద్దు.

నా కోరికలోనే ఒక ప్రమాదం ఉందని నాకు తెలుసు. 2020 అక్టోబరులో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు సవరణలు పంపినవారికి టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, ఒక మాట చేర్చి, ఒక చుక్క తీసి పంపిన పనికిమాలిన సవరణలు వేలకు వేలు వచ్చిపడి నిర్వాహకులు తలలు పట్టుకున్నారు. వాటిలో మన దేశంనుంచి వెళ్లినవి తక్కువేమీ కావు. చివరకు తమంతట తాము ఒప్పుకున్న ప్రాజెక్టులకే ఆ కార్యక్రమం వర్తించేలా నియమం మార్చవలసి వచ్చింది. టీషర్టుకే అంత జరిగితే డిగ్రీకి ఏం జరుగుతుందో ఊహించవచ్చు. ఇటువంటి ప్రాజెక్టులలో వచ్చిన పనిని పరిశీలించేవారు కొద్దిమందే. వాళ్లూ ఉద్యోగాలు చేసుకుని రాత్రిపూట కూర్చునేవారే. మన కళాశాలల వరద వారి మీద పడకూడదు.

అందువల్ల పంపిన పనికి కాకుండా ఆమోదం పొందిన పనికే గుర్తింపు ఇవ్వాలి. సవరణల సంఖ్యను లెక్కలోకి తీసుకోకూడదు. విద్యార్థికీ నిర్వాహకులకూ మధ్య నడిచిన ప్రశ్నోత్తరాలు తేదీలతో సహా బహిరంగంగా ఉంటాయి కాబట్టి, వైవాలో ఆ ప్రశ్నలనే తిప్పి అడగాలి. దుకాణంలో కొన్నవాడు అక్కడే దొరికిపోతాడు. ఆమోదానికి గడువు మన చేతిలో ఉండదు కనుక చివరి సెమిస్టరులో కాక మూడవ సంవత్సరం మొదట్లోనే పని మొదలుపెట్టే వీలు ఉండాలి. ఆమోదం రాకపోయినా, వచ్చిన విమర్శకు విద్యార్థి ఎలా స్పందించాడో చూసి గైడు కొంత విలువ కట్టవచ్చునేమో. ఆ మాట నిర్ణయించవలసినది నేను కాదు. విద్యార్థి ఫ్లైట్‌గేర్‌నే ఎంచుకోవాలనీ నేను అనను. లిబ్రేఆఫీస్ అనే ఉచిత ఆఫీసు ప్రోగ్రాముకు తెలుగు అనువాదమైనా, అందరూ కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ పటంలో మన గ్రామాల రోడ్లైనా ఇదే పద్ధతిలో చూడవచ్చు.

ఈ విషయాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం, విజయనగరంలోని జేఎన్‌టీయూ వారి పాఠ్యప్రణాళికా సంఘాలు పరిశీలించాలని, ముందుగా ఒక్క మెకానికల్ విభాగంలోనైనా ఒక ఏడాది ప్రయత్నించి చూడాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మొదలుపెట్టాలనుకునే విద్యార్థులతో శనివారం సాయంత్రాలు ద్వారకానగర్ పౌర గ్రంథాలయం దగ్గర కూర్చోవడానికి నేను సిద్ధం. ల్యాప్‌టాప్ వారే తెచ్చుకోవాలి. జాయ్‌స్టిక్ నా దగ్గర ఒకటి ఉంది, ఎడమ మీట కొంచెం పట్టేస్తుంది.

భవదీయుడు,
విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.